పీడీఎఫ్ సైజు తగ్గించడానికి గోస్ట్‌స్క్రిప్ట్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

మాది నెట్ సెంటర్. నోటిఫికేషన్ పడిందంటే చాలు, టెన్త్ మెమో, డిగ్రీ ప్రొవిజనల్, కుల ధ్రువీకరణ పత్రం అన్నీ ఫోన్‌లో ఫొటో తీసి పీడీఎఫ్ చేసుకుని జనం వచ్చేస్తారు, అవేమో పది ఎంబీ దాటి ఉంటాయి, పోర్టల్ చూస్తే ఇన్ని కేబీ మించకూడదంటుంది. అప్పుడు నేను వాడేది గోస్ట్‌స్క్రిప్ట్ అనే సాఫ్ట్‌వేరే. ఉచితం, పైగా నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఈ రెండోదే నాకు ముఖ్యం, ఊరందరి ఆధార్ కార్డులూ ఎవరిదో తెలియని వెబ్‌సైట్‌లోకి ఎక్కించడం నాకు ఇష్టం లేదు.

బటన్లేమీ ఉండవు, కమాండ్ టైప్ చేయాలి. విసుగే. కానీ ఆ కమాండ్‌ని ఒక బ్యాచ్ ఫైల్లో (కమాండ్లు రాసిపెట్టుకుని నడిపే చిన్న ఫైల్) పెట్టుకుంటే ఇక పీడీఎఫ్‌ని లాగి దాని మీద వదిలితే సరిపోతుంది, మా దగ్గర పనిచేసే కుర్రాడు అలాగే చేస్తాడు.

అసలు కిటుకంతా సెట్టింగ్‌లో ఉంది. 'స్క్రీన్' పెడితే బొమ్మల్ని 72 డీపీఐకి (అంటే అంగుళానికి 72 చుక్కలకి) దించేస్తుంది. సైజు భలే తగ్గుతుంది గానీ మెమో మీద హాల్ టికెట్ నంబర్ మసకేస్తుంది, గుండ్రటి ఆఫీసు ముద్రలో అక్షరాలు ఊదారంగు మరకలా అలుక్కుపోతాయి. అందుకే నాది 'ఈబుక్', అంటే 150 డీపీఐ. ఇందులోనూ ఒక మెలిక ఉంది: బొమ్మ రిజల్యూషన్ మనం అడిగినదానికి ఒకటిన్నర రెట్లు దాటితేనే దించుతుంది, కాబట్టి 200 డీపీఐలో స్కాన్ చేసిన ఫైల్ పెడితే ఎంత వచ్చిందో దాదాపు అంతే తిరిగొస్తుంది. సాఫ్ట్‌వేర్ పాడైందేమో అని టెన్షన్ పడక్కర్లేదు, డౌన్‌శాంపుల్ థ్రెషోల్డ్ అని ఒక ఆప్షన్ ఉంది, దాన్ని 1 చేస్తే దారికొస్తుంది.

బొమ్మల్లేకుండా ఉత్త టైప్ చేసిన ఫైళ్ల మీద పెద్ద ఆశలు పెట్టుకోవద్దు, వాటిలో తగ్గించడానికి ఏముంటుంది?

డిజిటల్ సంతకం ఉన్న సర్టిఫికెట్‌ని మాత్రం దీని జోలికి తీసుకురాకండి. ఇది ఫైల్ మొత్తాన్ని కొత్తగా రాసేస్తుంది, పైకి అదే కాగితంలా కనిపిస్తుంది గానీ సంతకం చెల్లదు. వచ్చింది వచ్చినట్టే అప్‌లోడ్ చేయండి.