మనసు నిలవనప్పుడు ఏది మేలు: అణచడమా, జపమా, ఊరికే చూడటమా?

నెల్లూరు దగ్గర ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల మీద రాత్రి కాపలా ఉన్నవాళ్లకు తెలుసు, మూడు గంటలప్పుడు మనసు ఎంత అల్లాడుతుందో. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోతుంది. నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నా టెన్షనే. కరెంటు పోతే? జనరేటర్ మొరాయిస్తే? రొయ్యలకు వైట్ స్పాట్ జబ్బు తగిలితే మేత బాకీ ఎట్లా తీర్చాలి? నేనైతే ఎన్నో రాత్రులు గట్టు మీద కూర్చునే పంటంతా పోగొట్టుకున్నాను. తెల్లారి చూస్తే రొయ్యలు బాగానే ఉండేవి.

‘ఆలోచించకూడదు’ అని పళ్లు బిగబట్టడం ముందు అందరం చేసేదే. ఇది మాత్రం వద్దు. 1987లో అమెరికాలో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి కొందరికి తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దని చెప్పి చూశారు. వాళ్లకు అదే మళ్లీ మళ్లీ గుర్తొచ్చింది. అణిచిపెట్టినది తర్వాత ఇంకా ఎక్కువగా తన్నుకొచ్చింది కూడా.

పక్క గుంట మామది జపం. గొలగమూడి అవధూత వెంకయ్యస్వామి భక్తుడు, వీలైన శనివారం అక్కడే నిద్ర చేసి వస్తాడు. ఒకసారి నా వాలకం చూసి, “ఏం అబ్బయ్యా, నిద్ర పట్టలా? ‘ఓం నారాయణ, ఆదినారాయణ’ అనుకో, చాలు” అన్నాడు. అనుకున్నాను. పావుగంటకు గుండె దడ తగ్గింది. మనసును పట్టడం గాలిని పట్టడమంత కష్టమని గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు అంటే, కృష్ణుడు కాదనలేదు. అభ్యాసంతో, వైరాగ్యంతో పట్టొచ్చన్నాడు. ఆ అభ్యాసానికి నామం మంచి ఊతకర్ర. అయితే నాకు నామం ఆగగానే ఆ బాకీ భయం మళ్లీ వచ్చి కూర్చునేది. అది ఎక్కణ్నుంచి వస్తోందో నేను ఎప్పుడూ చూడలేదు మరి.

చూడటం నాకు చెక్ ట్రే నేర్పింది, అదే, రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసేందుకు గుంటలో దించే పళ్లెం. మేత వేసిన రెండు గంటలకు ట్రే పైకి లాగుతాం. టార్చి వెలుగులో మిగిలిన మేత, రొయ్య పేగు, పెంకు చూసి మళ్లీ నీళ్లలోకి వదులుతాం. దానికోసం ఎవరమూ గుంటలోకి దూకం. ఆలోచననూ అట్లా లాగి చూడొచ్చు: ‘ఇది బాకీ భయం. వచ్చింది. ఛాతీలో బిగువుగా ఉంది.’ పతంజలి యోగసూత్రాల మొదటి పాదం నాలుగో సూత్రంలో ‘వృత్తిసారూప్యమితరత్ర’ అన్నాడు. చూసేవాడు తన స్థితిలో లేనప్పుడు మనసులో కదిలే వృత్తులనే, అంటే ఆలోచనల్లాంటి కదలికలనే, తాననుకుంటాడని. ‘నేను మునిగిపోయాను’ అన్న మాట ‘మునిగిపోతానన్న ఆలోచన వచ్చింది’గా మారిన రాత్రి నాకు ఆ సూత్రం అర్థమైంది.

ఇందులో ఒక చిక్కుంది. ‘నేను సాక్షిని’ అని లోపల అదే పనిగా అనుకుంటుంటే అదీ ఇంకో ఆలోచనే, దాన్నీ చూడాల్సిందే. ఇంకోటి, ‘ఆక్సిజన్ తగ్గిందేమో’ అనిపిస్తే సాక్షిగా కూర్చోకండి, లేచి మీటర్ పెట్టి చూడండి.

నా మటుకు చూడటమే మేలు. గుండె దడదడలాడేటప్పుడు మాత్రం చూడటం నా వల్ల కాదు, అప్పుడు మామ చెప్పిన నామమే. దడ తగ్గాక ట్రే లాగుతాను.

ఈ మాటే మామతో అంటే కాసేపు ఊరుకుని, “నామం ఎవరు అనుకుంటున్నారో అదీ చూడు అబ్బయ్యా” అన్నాడు. ఇప్పుడు రాత్రిళ్లు అదే చూస్తున్నాను.