ఎంటో వా ఎంబులో రెండు రాత్రులు

టాంజానియాలో అరుషా నగరం నుంచి ఎన్‌గోరోంగోరో అభయారణ్యానికి వెళ్లే సఫారీ జీపులు ఎంటో వా ఎంబు అనే ఊళ్లో ఓ అరగంట ఆగుతాయి. జనం దిగి ఎర్ర అరటిపళ్లు కొనుక్కుని, బొమ్మలు బేరమాడి వెళ్లిపోతారు. అమ్మా నేనూ అక్కడ రెండు రాత్రులు ఉన్నాం. టాంజానియా అంటే ఇప్పుడు మాకు ముందు గుర్తొచ్చేది ఈ ఊరే, ఏనుగులు తర్వాత.

అరుషా నుంచి సుమారు 120 కిలోమీటర్లు. దారంతా ఎండిన గడ్డి నేల, ఊరు దగ్గరపడగానే పచ్చదనం. నేల చీలి ఏర్పడ్డ రిఫ్ట్ లోయ అంచున గోడలా నిలబడ్డ కొండ నుంచి దిగే నీళ్లను కాలవల్లోకి మళ్లించి వరి, అరటి పండిస్తున్నారు. వరి మడి కనబడగానే అమ్మ బండి ఆపించి గట్టు మీదకి వెళ్లిపోయింది. ఆ నీళ్ల కోసమే ఎక్కడెక్కడి తెగలవాళ్లో వచ్చి స్థిరపడ్డారు. చగ్గావాళ్లు అరటిపళ్లతో బీరు కాస్తారు. దక్షిణం కొస నుంచి వచ్చిన మకొండేలు నల్లకర్రతో బొమ్మలు చెక్కుతారు. మసాయిలు మేకలు, పశువులు తోలుకొస్తారు.

సంతలో తూచి అమ్మడం తక్కువ. టమాటాలు, ఉల్లిపాయలు మన దగ్గరలాగే పోగులు పెట్టి అమ్ముతారు. పోగుని అక్కడ ‘ఫుంగు’ అంటారు. కొట్టుని ‘దుకా’ అంటారు, అది మన దుకాణమే. ఒక మూల ఒకతను పాత టైరు ముక్కని కాలికింద తొక్కిపట్టి, వంపు కత్తితో చెప్పు ఆకారం కోస్తున్నాడు. పట్టీలకు చిన్న మేకులు కొట్టి, కొనే మనిషి పాదం పెట్టించి చూసి, మడమ దగ్గర ఇంకొంచెం చెక్కాడు. మసాయిలు వేసుకునేవి అవే. నేనూ ఒక జత కొన్నాను.

భోజనానికి హోటల్ బఫేల కన్నా సంత పక్క పాకలే నయం. అన్నం, చిక్కుడు గింజల కూర, చపాతీ, టీ దొరుకుతాయి. ‘ఎంచిచా’ అడగండి, అది తోటకూరే. శాకాహారులకు ఇబ్బంది లేదు.

బస మాత్రం చూసి తీసుకోండి. మొదటి రాత్రి రోడ్డు పక్క గెస్ట్‌హౌస్‌లో లారీల మోత, పైగా చిరిగిన దోమతెర. ఊరి పేరుకి అర్థమే దోమల ఏరు, మలేరియా ఉన్న చోటు! అమ్మ గురించి టెన్షన్‌తో తెల్లవార్లూ నిద్రపట్టలేదు. రెండోరోజు లోపలికున్న క్యాంప్‌సైట్‌లో గది తీసుకున్నాం. తెర బాగుంది, నిద్రా పట్టింది. డబ్బు కట్టేముందు తెర విప్పి చూడండి.

ఊరు చూడ్డానికి స్థానిక గైడ్‌నే పెట్టుకోండి. మా గైడ్ రుసుములో కొంత ఊరి పనులకు పోతుందని చెప్పాడు. ఫొటోకి ముందు అడగడం మర్యాద. దారిలో పిల్లలు అమ్మకి ‘షికమో’ అన్నారు, పెద్దలకు పెట్టే దండం అది. ‘మరహబా’ అని బదులివ్వాలని గైడ్ నేర్పితే, అమ్మ ఆ తర్వాత ఒక్కరినీ వదల్లేదు.

బస్సు టైమ్ జాగ్రత్త. అక్కడి భాష స్వాహిలీలో గంటలు సూర్యోదయం నుంచి లెక్క, అంటే ‘సా ంబిలి’, రెండో గంట, మన ఉదయం ఎనిమిది. మాకు రెండు గంటలకని చెబితే మధ్యాహ్నం అనుకుని బస్సు పోగొట్టుకున్నాం. షేర్ కారులో అరుషా చేరేసరికి చీకటి పడింది.