పంచదార మానేస్తే క్యాన్సర్ మాడుతుందా? పస్తు మేలా, మందు మేలా?

బెజవాడలో ఎవరికైనా క్యాన్సరని తెలిస్తే చాలు, రిపోర్టు డాక్టర్ చూసేలోపే చుట్టాల సలహాలు మొదలవుతాయి: పంచదార ఆపెయ్, అన్నం మానెయ్, తిండి లేక గడ్డే చస్తుంది. కొన్నేళ్ల కిందట కొబ్బరినూనె డైట్ ఇంటింటా నడిచిన ఊరు కదా, ఇట్టే నమ్ముతాం.

అందులో నిజం లేకపోలేదు. క్యాన్సర్ కణాలు గ్లూకోజును ఆబగా లాక్కుంటాయని 1920ల్లోనే జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ చూపించాడు, గ్లూకోజు ఎక్కడికి ఎక్కువగా పోతోందో చూపే పెట్ స్కాన్‌లో గడ్డ వెలిగేదీ అందుకే. చిక్కల్లా, మీరు పస్తున్నా రక్తంలో గ్లూకోజు అయిపోదు, కాలేయం తయారుచేస్తూనే ఉంటుంది, అవసరమైతే కండ కరిగించి మరీ. అంటే ముందు చిక్కిపోయేది మనిషే. కీమోలో నోరు పూసి, వాంతులై ఎలాగూ బరువు తగ్గుతారు, దాని మీద ఇదొకటా?

పోషకం ఆపి క్యాన్సర్‌ని చంపడం కుదురుతుంది, వంటింట్లో మాత్రం కాదు. ఆస్పరాజినేజ్ అనే ఎంజైము మందు సంగతే చూడండి. ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లాన్ని మామూలు కణాలు సొంతంగా చేసుకుంటాయి, పిల్లల్లో ఎక్కువగా వచ్చే ఏఎల్ఎల్ రకం రక్తక్యాన్సర్ కణాల్లో చాలావాటికి అది చేతకాదు, రక్తంలోంచి తీసుకోవాల్సిందే. ఈ ఎంజైము రక్తంలో ఉన్న ఆస్పరాజిన్‌ని విరగ్గొట్టేస్తుంది, దాంతో ఆ కణాలు పస్తుండి చస్తాయి. మెథోట్రెక్సేట్ అనే ఇంకో మందు వేరే దారిలో, ఫోలిక్ యాసిడ్‌ని కణానికి పనికిరాకుండా చేస్తుంది. ఈ రకం మందుల వెనక ఉన్నది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన బృందం చేసిన అమినోప్టెరిన్ అనే మందుతోనే 1948లో అమెరికా డాక్టర్ సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్‌ను కొన్నాళ్లైనా అణచగలిగాడు. బాధలు లేవనను, అలర్జీ, క్లోమం వాపు, నోటిపూత ఉంటాయి, కానీ రక్తపరీక్షలు చూసుకుంటూ ఇస్తారు.

మధ్యలో ఇంకోటుంది, కీమో రోజుల్లో మాత్రమే తక్కువ కేలరీల డైట్. నెదర్లాండ్స్‌లో రొమ్ము క్యాన్సర్ రోగులపై చేసి 2020లో ప్రచురించిన ట్రయల్లో గడ్డ స్కాన్‌లో కాస్త మెరుగ్గా తగ్గింది, సైడ్ ఎఫెక్ట్స్ మాత్రం తగ్గలేదు, చాలామంది చివరిదాకా చెయ్యలేకపోయారు.

నా ఓటు మందుకే. డైట్ చేస్తే బరువు బాగున్నవాళ్లు ట్రయల్లో, డాక్టర్ చూస్తుండగా చెయ్యాలి. చిక్కిపోతున్నవాళ్లు దాని జోలికే పోవద్దు. యూరప్ పోషకాహార నిపుణుల లెక్క ప్రకారం బరువులో కిలోకి రోజుకు 25 నుంచి 30 కేలరీలు, ప్రొటీన్ 1 గ్రాముకు పైనే, వీలైతే 1.5 దాకా అందాలి. అంటే గుడ్డు, పప్పు, పెరుగన్నం మానకూడదు. షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగి తినాలి. నోరు పూసినన్నాళ్లు గోంగూర పచ్చడి ఒక్కటి పక్కన పెట్టండి, గుంటూరు వాళ్లకి కష్టమే అనుకోండి.