అనంతపురంలో ఆర్వో మిషన్: ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

మా ఇంట్లో ఆర్వో ఫిల్టర్ పెట్టించి చాలా ఏళ్లయింది, మెంబ్రేన్లు (నీళ్లలోని ఉప్పుని ఆపే పొర) మారినాయి, పంపు మారింది, సర్వీసుకొచ్చే అబ్బాయిలు కూడా మారిపోయినారు. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే నేను చెప్పేది ఒక కంపెనీ సంగతి కాదు, గోడకి తగిలించుకునే ఏ ఆర్వో అయినా దాదాపు ఇంతే. కొనేముందు నెట్లో చూస్తే అందరూ రుచి బాగుంది, మెషిన్ లుక్ బాగుంది, సర్వీస్ బాలేదు అని రాస్తారు, మా అనంతపురం లాంటి చోట అసలు చూడాల్సిన విషయం మాత్రం ఎవరూ రాయరు. నీళ్లు లేని ఊర్లో ఈ మిషన్ ఎన్ని నీళ్లు తాగుతుంది అన్నది.

ముందు మంచి చెప్తాను. మా బోరు నీళ్లు టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన ఉప్పులు, ఖనిజాలు ఎంతున్నాయో చూపించేది) పెడితే 1100 దగ్గర చూపిస్తాయి, గిన్నెల్లో తెల్లగా సున్నం గడుతుంది, పప్పు ఉడకదు, టీ పొడి ఎంత మంచిది వేసినా టీ టీలా ఉండదు. మిషన్లోంచి వచ్చే నీళ్లు కొత్తలో 80కి వచ్చేవి, మెంబ్రేన్ పాతబడ్డాక 200 దాకా పోయినాయి. తాగడానికి బాగుంటాయి, ఎక్కువైతే పళ్లు, ఎముకలు పాడుచేసే ఫ్లోరైడ్ కూడా చాలా మటుకు పోతుంది, కాచి తాగితే పోనిది ఇందులో పోతుంది (కాచితే నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కనవుతుంది, ఈ సంగతి చాలామందికి తెలీదు). అంతవరకు మిషన్ పని మిషన్ చేస్తుంది, నాకే అనుమానమూ లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మిషన్ వెనక నుంచి ఒక సన్న పైపు సింకులోకి వేసి పోతారు కదా, దాన్ని తీసి బకెట్‌లో పెట్టి చూడండి. ఒక లీటరు మంచినీళ్లు వచ్చేలోపు మూడు లీటర్లు బయటికి పోతాయి మా ఇంట్లో. తాగడానికి, వంటకి కలిపి రోజుకి ఇరవై లీటర్లు పడితే అరవై లీటర్లు డ్రైనేజీలోకి. పల్లెల్లో ఇంటింటికీ కొళాయి ఇచ్చే కేంద్రం పథకం జల్ జీవన్ మిషన్ కింద ఒక మనిషికి రోజుకి ఇవ్వాలని పెట్టుకున్న లెక్కే 55 లీటర్లు, తాగేది, వండేది, స్నానం, బట్టలు అన్నీ కలిపి. అంటే పల్లెలో ఒక మనిషికి రోజంతటికీ రావాల్సిన నీళ్లకంటే ఎక్కువ మా వంటింటి సింకులోంచి ఊరికే పోతున్నాయి. అదే టౌన్లో మనిషికి లెక్క 135 లీటర్లు. అక్కడే తేడా మొదలైంది, దాని మీద ఈ మిషన్ ఇంకో తేడా పెడుతుంది.

మా ఇంట్లో గిన్నెలు కడగడానికి వచ్చే అక్క ఒకరోజు ఆ బకెట్ నిండి పొర్లుతుంటే చూసి, "ఏం పాపా, ఇవి ఊరికే పారబోస్తాండారా, మా తట్టు ఈ బకెట్టు కోసం బిందెలు బిందెలు కొట్టుకుంటారు" అనింది. వాళ్లుండేది గుట్ట పక్కన, వీధికి ఒకటే కొళాయి, నీళ్లొదిలే రోజు ముందు రాత్రే బిందెలు వరస పెట్టి పోతారు, ఎవరి బిందె ఏదో గుర్తుకి ఒకరు ఎర్ర గుడ్డపీలిక కడతారు, ఒకరు మెడకి సుద్దముక్కతో గీత గీస్తారు. పైనుండే వీధుల్లో కొంతమంది పైపుకే మోటర్ పెట్టి లాగేస్తే కింద కొళాయిలో సన్నటి ధార కూడా రాదు. ఆ అక్కకి రెండు బిందెలు దొరికితే ఒకటి తాగడానికి, ఒకటి మిగతా అన్నిటికీ. ఇట్లాంటి ఇంట్లో ఆర్వో ఎవరైనా ఊరికే ఇచ్చినా ఏం చేసుకుంటారు చెప్పండి, నాలుగు బిందెలు పోస్తే ఒక బిందె ఇచ్చే మిషన్‌ని.

ఆ వేస్ట్ నీళ్లు వాడుకోవచ్చు కదా అంటారు, వాడుకుంటున్నాను. కానీ ఆ నీళ్లలో ఉప్పు ఇంకా ఎక్కువ, మా మీటర్లో 1400 పైన చూపిస్తుంది, ఫ్లోరైడ్ కూడా అందులోకే చేరుతుంది. బాత్రూంలోకి, బయట వసారా కడగడానికి పనికొస్తాయి. ఇల్లు తుడిస్తే టైల్స్ మీద తెల్ల చారలు పడతాయి, మళ్లీ మామూలు నీళ్లతో తుడవాలి. కరివేపాకు చెట్టుకి కొన్నాళ్లు పోస్తే ఆకుల అంచులు మాడినట్టయినాయి, వర్షాకాలం వచ్చి బాగా కురిశాకే అది తేరుకుంది. తాగడానికి, వంటకి మాత్రం ఆ నీళ్లు ఎవరికీ ఇవ్వకండి, పనిమనిషికి బకెట్టు పట్టి ఇంటికి పంపేవాళ్లని చూశాను, అది తప్పు. ఇవ్వాలనుకుంటే ముందు వైపు ట్యాప్ నీళ్లు పట్టి ఇవ్వండి. మా ఇంట్లో గిన్నెలు కడిగే అక్క పోయేటప్పుడు అవే రెండు బాటిళ్లు పట్టుకుని పోతుంది, పిల్లలకి.

బయటికిపోయే నీళ్లు తగ్గించుకోవచ్చా అని సర్వీసు అబ్బాయిని అడిగితే ఆ పైపు మధ్యలో చిన్న ముక్క ఉంటుంది, దాన్ని మార్చి బిగిస్తే తగ్గుతాయి, కానీ మీ నీళ్లకి మెంబ్రేన్ తొందరగా పోతుంది అన్నాడు, నిజమే. సున్నం ఎక్కువున్న నీళ్లలో ఆ ఉప్పంతా కడుక్కుని పోవడానికే అన్ని నీళ్లు పోవాలి, తగ్గిస్తే మెంబ్రేన్ మీద గట్టిగా పేరుకుంటుంది. అంటే నీళ్లు ఎంత చెడ్డవైతే అంత ఎక్కువ పారబోయాలి. నీళ్లు చెడ్డవయ్యేది ఎక్కడ, వాన తక్కువై బోర్లు లోతుకి పోయిన చోట. ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూఇటూ కురిసే మా జిల్లాలోనే ఈ మిషన్‌కి నీళ్లు ఎక్కువ కావాలి.

మా అమ్మవాళ్ల ఊరు కళ్యాణదుర్గం వైపు. అక్కడ ఫ్లోరైడ్ ఉన్న పాత బోరు నీళ్లు తాగి పెరిగిన వాళ్ల పళ్లు చూస్తే తెలుస్తుంది, గోధుమరంగు చారలు, పెద్దవాళ్లకి మోకాళ్లు, నడుము పట్టేయడం. చిన్నప్పుడు పళ్లు తయారయ్యే వయసులో పడిన మరక తర్వాత ఏం తాగినా పోదు. 1995లో మొదలైన సత్యసాయి నీళ్ల పథకం జిల్లాలో 700 పైచిలుకు ఊళ్లకి పైపుల్లో నీళ్లు తెచ్చింది, ఆ నీళ్లు వచ్చిన ఊళ్లలో పుట్టిన పిల్లల పళ్లు వేరు, మా పెదనాన్న పళ్లు వేరు, ఒకే ఇంట్లో చూడొచ్చు. కానీ పైపు లైను చివర ఉన్న ఊళ్లకి నీళ్లు రాని రోజు మళ్లీ ఆ బోరే. 2014లో రెండు రూపాయలకి ఇరవై లీటర్లు అని ఎన్టీఆర్ సుజల ప్లాంట్లు మొదలుపెట్టినారు, ఆలోచన మంచిదే, మా ఊరి లాంటి చోట కావాల్సింది అదే, కాకపోతే ప్లాంట్ ఏదైనా మెంబ్రేన్ మార్చేవాళ్లు, కరెంటు బిల్లు కట్టేవాళ్లు లేకపోతే షెడ్డుకి తాళమే.

ఇంకోటి, ఇది కొనేవాళ్లందరూ వినాల్సింది. అనంతపురం టౌన్‌కి కొళాయిలో వచ్చేవి పీఏబీఆర్ (పెన్నా అహోబిలం రిజర్వాయర్) నీళ్లు, తుంగభద్ర హైలెవెల్ కాలువ నుంచి కొన్ని, హంద్రీ నీవా కాలువ ద్వారా శ్రీశైలం నుంచి కొన్ని అక్కడికి చేరతాయి. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఇక్కడ మేమందరం టీవీ ముందు కూర్చున్నది అందుకే. ఆ కొళాయి నీళ్లు విడిగా పట్టి మీటర్ పెడితే నాకు 300 దగ్గర చూపించింది. 500 లోపు ఉండి, ఫ్లోరైడ్ లాంటిది లేకపోతే ఆర్వోనే అక్కర్లేదు, అట్లాంటి చోట్ల ఆర్వోలు ఆపించమని గ్రీన్ ట్రిబ్యునల్ 2019లోనే కేంద్రానికి చెప్పింది. మన ఇళ్లలో ఏం జరుగుతుందంటే కొళాయి నీళ్లు, బోరు నీళ్లు రెండూ ఒకే సంపులో కలిపి పైకి ఎక్కించి, బాగున్న నీళ్లని చెడగొట్టుకుని, మళ్లీ వాటిని బాగు చేయడానికి మిషన్ కొని, మూడొంతులు పారబోస్తున్నాం. నది నీళ్లు అందే టౌన్లో ఇంటింటికీ ఆర్వో, ఫ్లోరైడ్ ఉన్న పల్లెలో దాన్ని నడపడానికి నీళ్లూ లేవు, డబ్బూ లేదు. నాకు ఎక్కువ బాధ అనిపించేది ఇదే.

అందుకని మేము మార్చుకున్నాం. కొళాయి నీళ్లొచ్చే రోజు తాగడానికి, వంటకి సరిపడా రెండు డ్రమ్ముల్లో మూతపెట్టి పట్టుకుంటాం, వాటికి మామూలు యూవీ ఫిల్టర్ (కాంతితో క్రిముల్ని చంపేది) చాలు, చుక్క వేస్ట్ కాదు. ఆర్వో ఎండాకాలంలో కొళాయి సరిగ్గా రాక బోరు మీద పడ్డప్పుడే ఆన్ చేస్తాం.

కొనాల్సి వస్తే రెండు విషయాలు చూసుకోండి. షాపులో రికవరీ ఎంత శాతం అని అడగండి, అంటే వంద లీటర్లు పోస్తే ఎన్ని తాగేనీళ్లు వస్తాయి అని. స్టేజీలు, లైట్లు, కాపర్ గురించి గంటసేపు చెప్పేవాళ్లు దీనికి మాత్రం తడబడతారు. రెండోది టీడీఎస్ కంట్రోలర్. రుచి కోసమని మెంబ్రేన్‌లోంచి పోకుండా పక్కనుంచి వచ్చే నీళ్లు కొంచెం తిరిగి కలిపే చిన్న వాల్వ్ అది, ఫ్లోరైడ్ ఉన్న బోరుకి దాన్ని తెరిచి పెడితే ఏది తీయడానికి మిషన్ కొన్నారో అదే మళ్లీ గ్లాసులోకి వస్తుంది. మా దగ్గర ఫిట్ చేసినాయన అడగకుండానే సగం తిప్పి పోయినాడు, నేను మూసేయించాను. టీడీఎస్ మీటర్ ఫ్లోరైడ్‌ని చూపించదు, 300 ఉన్న నీళ్లలో కూడా ఫ్లోరైడ్ ఉండొచ్చు. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిందా లేదా అన్నది నీళ్లు ల్యాబ్‌లో టెస్ట్ చేయిస్తేనే తెలుస్తుంది, ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) వాళ్ల ల్యాబ్‌లు ఉంటాయి, బోరు నీళ్లు తాగే ఇంట్లో చిన్నపిల్లలుంటే మిషన్ కొనేముందే చేయించండి. నీళ్ల శుభ్రతకి ఐదులో నాలుగిస్తాను, నీళ్ల ఖర్చుకి ఒకటి.