లక్ష్మీ తులసా, కృష్ణ తులసా: కోటలోకి ఏది మేలు?

కార్తీకం దగ్గర పడుతోందంటే చాలు, తెలిసినవాళ్ళంతా నన్నడిగేది ఇదే: "కోటలోకి ఏ తులసి తెచ్చుకోమంటారు?" పోయినేడు సొంతింటి నుంచి ఫ్లాట్‌కి మారాక నాకూ ఇదే సమస్య వచ్చిపడింది.

శాస్త్రం లెక్కలో రెండూ ఒకటే జాతి, ఆసిమమ్ టెన్యూఫ్లోరం. పుదీనా కుటుంబం. లేత కాడ వేళ్ళ మధ్య తిప్పితే నాలుగు పలకలు తెలుస్తాయి, ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. లక్ష్మీ తులసి పచ్చగా ఉంటుంది. కృష్ణ తులసికి కాడ, ఈనెలు, పూల వెన్ను అన్నీ ఊదా రంగే. లవంగం నమిలినట్టుండే ఆ ఘాటు దీనికే కాస్త ఎక్కువని నాకనిపిస్తుంది. దగ్గు కషాయానికి మా అమ్మ కూడా నల్లదే కోసుకురమ్మనేది.

ఇదంతా మీకు తెలిసిందే. నేను చూసుకోమనేది ఎండ. పాత ఇంట్లో డాబా మీద పొద్దస్తమానం ఎండలో ఉన్న నా కృష్ణ తులసి దాదాపు నల్లగా ఉండేది. దాని కొమ్మే తెచ్చి ఇక్కడి తూర్పు బాల్కనీలో నాటాను. పది దాటితే ఇక్కడ ఎండ ఉండదు. నెలన్నర తిరిగేసరికి కింద ఊదా ఆకులు, పైన పచ్చ చిగుళ్ళు, అదీ ఒకే కొమ్మకి! చూసిన పక్కింటావిడ "నర్సరీవాడు మోసం చేశాడండీ" అని తేల్చేసింది. కుండీని పైన వాటర్ ట్యాంకు పక్కకి మార్చాక వచ్చిన చిగుళ్ళకి మళ్ళీ రంగు తిరిగింది.

అంచేత రోజుకి ఆరు గంటల ఎండ తగిలే చోటుంటే కృష్ణ తులసే పెట్టుకోండి, నా మనసూ దాని మీదే. అంత ఎండ లేకపోతే లక్ష్మీ తులసి తెచ్చుకోండి. నీడ ఎక్కువైతే దాని కాడలూ సాగుతాయి గానీ, రంగు పోయిందన్న బెంగ ఉండదు. ఇప్పుడు నా కోటలో ఉన్నది అదే.

ఏది పెట్టినా ఎక్కువగా చచ్చేది మన భక్తి వల్లే. అడుగున కన్నం లేని కోటలో రోజూ చెంబెడు పోస్తే వేళ్ళు కుళ్ళిపోతాయి. నేను పూజకి ఉద్ధరిణెడే పోస్తాను, పైమట్టి ఆరాకే చెంబు తీస్తాను. వెన్నులు గింజ కట్టకముందే తుంచేయండి, లేకపోతే మొక్క త్వరగా ముదిరిపోతుంది. రెండు రకాలూ పక్కపక్కన ఉంటే తేనెటీగలు పుప్పొడి కలిపేస్తాయి, గింజ నారు మధ్యరకం రంగులో రావొచ్చు. నల్లదే కావాలంటే వెన్ను లేని జానెడు కొమ్మని గ్లాసు నీళ్ళలో పెట్టి, వేళ్ళు వచ్చాక నాటుకోండి.

రుద్రజడని, అంటే సబ్జా మొక్కని, తులసి అనుకుని కొనేవాళ్ళూ ఉన్నారు. గింజలు నీళ్ళలో వేస్తే జిగురుగా ఉబ్బాయా, అది సబ్జా. షర్బత్‌లోకి బాగుంటుంది. కర్పూర తులసి, నిమ్మ తులసి వాసన కోసం సరదాగా పెంచుకోవచ్చు, అంతే.

అన్నట్టు, క్షీరాబ్ది ద్వాదశికి ఉసిరి కొమ్మని తులసి మొదట్లో కాకుండా కోట అంచున గుచ్చండి. దీపం కొమ్మల కింద పెట్టకండి. పోయినేడు నా మొక్కకి ఒక పక్కంతా మాడిపోయింది.