పన్ను తీసిన తీరు బాగుంది, జాగ్రత్తలు చెప్పిన తీరే బాగాలేదు

కింది దవడ చివర అడ్డంగా మొలిచిన జ్ఞానదంతం చిగురు వాచి తరచుగా బాధిస్తూ ఉండటంతో, కావలి నుంచి నెల్లూరు వెళ్లి, పొగతోటలోని ఒక దంతవైద్యశాలలో దాన్ని తీయించుకున్నాను. వైద్యుని పనితనానికి వంక పెట్టలేను. దవడ మొత్తం కనిపించే ఎక్స్‌రే తీయించి, కింది పెదవికి స్పర్శనిచ్చే నరానికి పంటి వేర్లు ఎంత దగ్గరగా ఉన్నాయో తెర మీద చూపించిన తరువాతే మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. చిగురు కోసి, పన్నును రెండు ముక్కలు చేసి తీస్తున్నప్పుడు డ్రిల్లు మోత, దవడ మీద ఒత్తిడి తెలిశాయి గాని నొప్పి తెలియలేదు. ముందు చెప్పిన ఆరు వేల రూపాయలే తీసుకున్నారు.

నా అసంతృప్తి అంతా ఆ తరువాతి ఐదు నిమిషాల గురించే. గాజుగుడ్డను పళ్ల మధ్య నొక్కి పట్టుకుని, సగం నాలుక తిమ్మిరెక్కి మాట పెగలకుండా ఉన్న నాకు, కౌంటరు దగ్గరి అమ్మాయి మందుల చీటీతో పాటు ఇంగ్లీషులో అచ్చువేసిన కాగితం ఒకటి ఇచ్చి, "జాగ్రత్తలన్నీ ఇందులో ఉన్నాయి సార్" అంటూ తరువాతి పేరు పిలిచింది. నోట్లో ఊరే ఎర్రటి ఉమ్మిని మింగడానికి మనసొప్పక, బస్సులో కవరులోకి ఉమ్ముతూనే వచ్చాను. ఇల్లు చేరగానే అమ్మ కాచి ఇచ్చిన ఉప్పునీళ్లతో గట్టిగా పుక్కిలించాను. రెండూ చేయకూడనివే. గుంటలో గడ్డకట్టిన రక్తమే లోపలి ఎముకకు రక్షణ; మొదటి 24 గంటల్లో ఉమ్మినా, పుక్కిలించినా, స్ట్రాతో పీల్చి తాగినా అది ఊడిపోవచ్చు. ఉప్పునీళ్లు మంచివే గాని, మరునాటి నుంచి.

మూడోనాటి రాత్రి పోటు చెవిలోకి, కణతలోకి పాకింది. ఇంట్లో చేపల పులుసు ఘుమఘుమలాడుతుంటే నేను చల్లారిన గంజి తాగి పడుకున్నాను, నిద్ర మాత్రం పట్టలేదు. మర్నాడు వెళితే, కింది జ్ఞానదంతాల విషయంలో ఇలా రక్తపు గడ్డ ఊడి గుంట ఎండిపోవడం కొంత ఎక్కువేననీ, అంతా నా తప్పే అనుకోవద్దనీ వైద్యుడు అన్నారు. గుంటను సెలైనుతో కడిగి, లవంగ నూనె వాసన కొట్టే మందు పెట్టగానే, గంటలోపు పోటు సగానికి దిగింది. దానికి రుసుము అడగలేదు. అయితే రెండుసార్లు ఆ మందు మార్పించుకోవడానికి కావలి నుంచి వచ్చి పోవడంలో రెండు రోజుల సెలవు ఖర్చయింది.

కుట్లు విప్పించుకున్న రోజున, ఆ కాగితాన్ని తెలుగులో అచ్చువేయించి, రోగి ఇంకా నోరు తెరిచి ప్రశ్న అడగగలిగినప్పుడే, అంటే ఇంజెక్షన్‌కు ముందే, చదివి వినిపించమని వైద్యునికి చెప్పాను. ఆయన రాసుకున్నారు. పై దవడలో ఇంకొక జ్ఞానదంతం ఉంది. దాన్ని కూడా అక్కడే తీయించుకుంటాను.