సుంకి ఘాట్ దిగే పాత అంబాసిడర్‌కి డిస్క్ బ్రేకులు: జైపూర్‌లో చేయించాం

మా మార్క్ 4 పెట్రోల్ అంబాసిడర్‌కి ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు పెట్టించాం, ఒడిశాలోని జైపూర్‌లోనే, బోర్డు కూడా లేని ఒక షెడ్డులో. పని చాలా బాగుంది. తొందరలో ఉన్నవాళ్లు మాత్రం వెళ్లొద్దు, ఎందుకో కింద రాస్తాను.

కోరాపుట్ నుంచి సుంకి ఘాట్ మీదుగా సాలూరు వైపు దిగినవాళ్లకి సంగతి తెలుసు. మా బండికి ఉన్నవి పాత డ్రమ్ము బ్రేకులు, అంటే చక్రంతో తిరిగే డ్రమ్ముని లోపలి నుంచి షూలు ఒత్తి ఆపుతాయి. మలుపు మలుపుకీ తొక్కుతుంటే డ్రమ్ము వేడెక్కి సాగుతుంది, షూకీ దానికీ మధ్య ఎడం పెరుగుతుంది, పెడల్ ఇంకా ఇంకా కిందికి పోతుంది, పైగా షూ మీది లైనింగ్ పట్టు వదిలేస్తుంది. ముందు లారీ, వెనక బస్సు, బండిలో అమ్మా పిల్లలు, ఇక ఆ టెన్షన్ ఏం చెప్పను. వానాకాలం ఇంకో బాధ, డ్రమ్ములోకి నీళ్లు చేరితే అవి ఆరేదాకా పట్టు ఉండదు. డిస్క్ బయటికే ఉంటుంది కాబట్టి గాలికి తొందరగా చల్లారుతుంది, నీళ్లు కూడా నిలవవు.

మేస్త్రీ ముందు డ్రమ్ములు విప్పి చూపించాడు. లోపల వేడికి నీలం మచ్చలు, లైనింగ్ నున్నగా మెరుస్తోంది, ఎడమవైపు షూలని తోసే వీల్ సిలిండర్ రబ్బరు బూటు ఎత్తితే కింద తడి. "ఒట్టి డిస్కులు బిగించీసి పంపీమంటే నా వల్ల కాదు బాబూ, చేస్తే మొత్తం చేద్దాం" అన్నాడు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆ మాటే. డ్రమ్ము తిరిగేటప్పుడు ముందువైపు షూని తనే లాక్కుని మన కాలికి సాయం చేస్తుంది, డిస్కులో ఆ సాయం ఉండదు. అందుకే బూస్టర్, అంటే ఇంజిన్ వాక్యూమ్‌తో మన కాలికి బలం కలిపేది, లేకుండా డిస్కులు వేస్తే పెడల్ రాయిలా ఉంటుంది. అలాగే పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్ ఉంటుంది, డ్రమ్ములకి చేసిన పాతది లైన్లో కొంచెం ప్రెషర్ నిలిపి ఉంచుతుంది, దాన్నే డిస్కులకి కలిపితే డిస్కుని రెండువైపులా పట్టే ప్యాడ్లు వదలకుండా రాసుకుంటూ వేడెక్కిపోతాయి. ఈయన టాండమ్ (రెండు భాగాల) మాస్టర్ సిలిండర్ వేశాడు, ముందు చక్రాల లైను వేరు, వెనకవి వేరు. మా పాతదానికి అంతా ఒకటే లైను, ఎక్కడ లీకైనా నాలుగు చక్రాలూ పోయినట్టే! హోసులన్నీ కొత్తవి, బ్రేకు ఫ్లూయిడ్ డాట్ 4 రకం. వెనక డ్రమ్ములే ఉంచి లైనింగ్ మార్చాడు, అది చాలు, బ్రేకు వేయగానే బరువంతా ముందుకే వస్తుంది కదా.

తర్వాతి ఏళ్ల అంబాసిడర్లకి ముందు డిస్కులు వచ్చాయి కాబట్టి ఆ బండ్ల సామానే తెప్పించాడు. ఆలస్యం అక్కడే అయింది. విశాఖలో సామాను పంపినవాళ్లు బూస్టర్ ఒకటి బదులు ఒకటి పంపారు, అది వెనక్కి వెళ్లి సరైనది వచ్చేదాకా బండి జాకీల మీదే. మేస్త్రీ తనంతట తను ఫోన్ చేయడు, మనమే చేస్తూ ఉండాలి. ఖర్చు కూడా తక్కువేం కాదు, కొత్త స్కూటర్‌కి అడ్వాన్స్ కట్టేంత అయింది. కానీ పాత సామాను మొత్తం సంచిలో వేసి తిరిగి ఇచ్చాడు, ఏది ఎందుకు మార్చాడో ఒక్కొక్కటీ చేతికిచ్చి చెప్పాడు.

కొత్త ప్యాడ్లు డిస్కుకి కుదురుకునేదాకా మెల్లగా తొక్కి వదులుతూ నడపమన్నాడు, అలాగే నడిపాం. ఆ తర్వాత ఘాట్ దిగితే పైన పెడల్ ఎక్కడ అందిందో కింద సాలూరులోనూ అక్కడే అందింది. అమ్మ సగం దారి నిద్రపోయింది, ఆవిడ ఆ రోడ్డు మీద కన్ను మూయడం నేనెప్పుడూ చూడలేదు.

ఒక్క మాట అందరూ గుర్తుపెట్టుకోండి. మనవైపు పెట్రోల్ కలిసొస్తుందని ఇంజిన్ ఆపేసి న్యూట్రల్‌లో ఘాట్ దిగే అలవాటు చాలామందికి ఉంది. బూస్టర్ వేశాక ఆ పని అస్సలు చేయకండి. దానికి వాక్యూమ్ ఇంజిన్ నుంచే వస్తుంది, ఇంజిన్ ఆపితే కొద్దిసార్లు తొక్కేసరికే సాయం అయిపోయి పెడల్ గట్టిపడుతుంది. డిస్కులున్నా సరే సెకండ్ గేర్‌లోనే దిగండి. డీజిల్ బండి అయితే వాక్యూమ్ పంపు ఉందో లేదో ముందే అడగండి, లేకపోతే బూస్టర్ పనిచేయదు.

హ్యాండ్‌బ్రేక్ మాత్రం ఇంకా సరిగ్గా పట్టడం లేదు. కేబుల్ సాగిందట, కొత్తది వచ్చాక వేస్తానన్నాడు, అప్పటిదాకా ఏటవాలులో ఆపితే చక్రం కింద రాయి పెడుతున్నాం.